ఎఫ్ ట్వెల్వ్ నొక్కుటకు అనుమతి

మా ఆఫీసు గురించి ఊళ్ళో రకరకాలుగా చెప్పుకుంటున్నారు. చెప్పుకునేవాళ్ళకేం, నోళ్ళకి సీళ్ళు లేవు. అసలేం జరిగిందో, అప్పుడు అక్కడే కూర్చుని ఫైలు రాసినవాణ్ణి కనక, నేను చెబితేనే సబబుగా ఉంటుంది.

మాది కొలమానాల పరిరక్షణ కార్యాలయం, కొత్తరేవు. బజార్లో వాడే కాటాలు, తూకం రాళ్ళు, నూనె కొలతలు, బట్టల కొట్లో గజంబద్దలు, ఏవైనా సరే ఏడాదికోసారి మా దగ్గరికొచ్చి తనిఖీ చేయించుకుని ముద్ర వేయించుకోవాలి. ముద్ర వెయ్యడం మా వృత్తి. వయసులో ఉన్నప్పుడు మా సూపరింటెండెంటు ఇమ్మానుయేలు గారు పెళ్ళిశుభలేఖల మీద కూడా ముద్ర వేశారట. ఆయన కాదంటారు గాని, ఆ శుభలేఖ ఒకటి నేను చూశాను.

ఈ అలవాటు లాప్‌టాప్ దాకా వచ్చింది. ఆఫీసు మొత్తానికి ఉన్నది ఒకే ఒక్క లాప్‌టాప్. బాగా పాతది. మూత తెరిస్తే కీచుమంటుంది, ఛార్జరు ఊడితే ఆరిపోతుంది. కొన్నేళ్ళ కిందట ఓ జూనియర్ అసిస్టెంటు ఏవో ప్రత్యేక మీటలు నొక్కితే తెర మీది బొమ్మంతా తలకిందులైంది. మామూలుగా చెయ్యడం ఎవరికీ తెలియక, వారం పాటు లాప్‌టాప్‌నే తలకిందులుగా నిలబెట్టి పనిచేశాం. ఆ సంగతి పై ఆఫీసుకు తెలిసింది. సర్క్యులర్ వచ్చింది. "ప్రత్యేక మీటలను సంబంధిత అధికారి లిఖితపూర్వక అనుమతి లేనిదే ఏ ఉద్యోగియూ నొక్కరాదు. సదరు మీటలకు తగు భద్రత కల్పించవలెను."

భద్రత అంటే మాకు తెలిసింది ఒకటే. పై వరస మీటల మీద టేపు అంటించి, దాని మీద లక్క కరిగించి పోసి, శాఖ ముద్ర కొట్టాం. బాణం గుర్తుల మీటలకి విడిగా ఇంకో ముద్ర. అక్షరాలూ అంకెలూ మాత్రం వదిలేశాం, పని జరగాలి కదా.

సూరాడ లోవమ్మ కాటా మా దగ్గరికి వచ్చింది ఆశ్వయుజం మొదట్లో. రేవు దగ్గర బజార్లో చేపలమ్ముతుంది. కరెంటు కాటా, కొత్తది. ఇమ్మానుయేలు గారు రాళ్ళు పెట్టి చూశారు, గ్రాము తేడా లేదు. ముద్ర వేశారు. ఇక సర్టిఫికెట్టు ఒక్కటే మిగిలింది. అది లాప్‌టాప్‌లోంచి రావాలి. మా అటెండర్ గవర్రాజు లాప్‌టాప్ ఆన్ చేశాడు. కంపెనీ పేరు కనబడింది, పోయింది. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు ముక్కలు నిలబడ్డాయి. దేన్ని పట్టుకుని లేవాలో తనకి దొరకడం లేదని వాటి సారాంశం.

సర్టిఫికెట్టు లేనిదే కాటా ఆఫీసు దాటకూడదు. కాటా లేకుండా సరుకు అమ్మితే నేరం. ఇంకొకరి కాటా అరువు తెచ్చుకుంటే ఇద్దరిదీ నేరం. ఈ రూల్సన్నీ మావే, దేనికదే మంచిది.

"కాటా బాగానే ఉన్నాదన్నారు కదా బాబూ. మరిచ్చెయ్యండి, ఎల్లిపోతాను," అంది లోవమ్మ.

"బాగానే ఉందమ్మా. బాగానే ఉందని చెప్పే కాయితం రావాలి."

"నేను కాయితాలు తూసి అమ్మను కదండీ బాబూ."

దానికి రూల్సులో జవాబు లేదు. రేపు రమ్మన్నాను. మర్నాడొచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. తూకం లేకుండా కుప్పలుగా వాటాలు పెట్టి అమ్ముకుందామని చూస్తే మా ఇనస్పెక్టరే జరిమానా రాశాడట. రాయడూ మరి, ఆయన డ్యూటీ. అప్పట్నించీ పక్కవాళ్ళ దగ్గర చేపలు కోసిపెట్టి కూలి తెచ్చుకుంటోంది.

"కార్తీకం ఒచ్చేత్తంది బాబూ," అంది, మా వరండా మెట్ల మీద కూలబడి. "ఒచ్చిందంటే ఊరంతా ఉల్లిపాయ కూడా ముట్టరు. ఇంక నా గంపకేసి ఎవరు సూత్తారు? ఇప్పుడు నాలుగు డబ్బులు ఎనకేసుకుంటేనే ఆ నెలంతా మా పొయ్యి ఎలిగేది. కాటా ఇక్కడే ఉండిపోతే మేం ఏటి తినాలి?"

ఆవిణ్ణి చూస్తే జాలేసింది. నిజంగానే వేసింది. జాలి వెయ్యకూడదని సర్క్యులర్ ఏదీ లేదు.

మా అధికారి సర్వోత్తమరావు గారికి చెబితే, టౌన్లో కంప్యూటర్ల షాపు పెట్టిన జిలానీని పిలిపించారు. అతనొచ్చి, అటూ ఇటూ చూసి, జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి పక్కన గుచ్చాడు.

"మెషీన్ బాగానే ఉంది సార్. లోపల విండోస్ పాడైంది. దీన్ని పెన్‌డ్రైవ్ మీంచి లేపాలి. ఆన్ చెయ్యగానే కంపెనీ పేరు పడుతుంది చూడండి, అప్పుడు ఎఫ్ ట్వెల్వ్ టకటకా కొట్టాలి. పాతది కదా, రెండు సెకన్లే టైమిస్తుంది. కొడితే బూట్ మెనూ వస్తుంది. అందులో పెన్‌డ్రైవ్ సెలెక్ట్ చేసుకుంటే లేచి కూర్చుంటుంది. మీ రికార్డులెక్కడికీ పోవు. ఎంత, ఐదు నిమిషాల పని," అని వేలు చాపాడు.

ఇమ్మానుయేలు గారు ఆ వేలు గాల్లోనే పట్టుకున్నారు. "ఆగవయ్యా! అది శాఖ ముద్ర. పగలగొడితే కేసు."

"మరి నన్నెందుకు పిలిచారు సార్?"

"సలహాకి."

జిలానీ మా అందరి మొహాలూ చూశాడు. పెన్‌డ్రైవ్ అక్కడే వదిలేసి, నొక్కాక ఫోన్ చెయ్యమని వెళ్ళిపోయాడు.

ఫైలు మొదలెట్టాను. విషయం: లాప్‌టాప్, ప్రారంభ దశ, ఎఫ్ ట్వెల్వ్ మీట, టకటకా కొట్టుటకు అనుమతి కోరుట గురించి. సర్వోత్తమరావు గారు మార్జిన్లో ఎర్ర సిరాతో రాసి తిప్పి పంపారు. "టకటకా అనగా నిమిషమునకు ఎన్ని? ప్రామాణిక కొలత కలదా? మనది కొలమానాల శాఖ అని మరువరాదు."

ఆయన అడిగింది న్యాయమే. గజానికీ శేరుకీ లెక్క చెప్పే ఆఫీసు టకటకాకి లెక్క చెప్పలేకపోతే పరువేం కాను? జిలానీకి ఫోన్ చేశాం. "టకటకా అంటే టకటకాయే కదండీ," అన్నాడు. 'సాంకేతిక నిపుణుని అభిప్రాయం ప్రకారం టకటకా అనగా టకటకా' అని రాసి పై ఆఫీసుకు పంపాం. వాళ్ళు ప్రయోగాత్మకంగా ఒకే ఒక్కసారి నొక్కడానికి అనుమతిచ్చారు. ముద్ర తొలగించేటప్పుడు పంచనామా రాయాలన్నారు. పంచనామాకి బయటి సాక్షి కావాలి. మెట్ల మీద లోవమ్మ ఉండనే ఉంది.

"ఇక్కడ వేలిముద్ర వెయ్యమ్మా. పన్నెండో మీట మీది లక్క నీ ఎదట తీశామని."

"ఏత్తాను. కాటా ఇత్తారా?"

"ఆ దారిలోనే ఉన్నాం."

మొదటి ప్రయత్నం రోజున పని పంచుకోవడంలో కొంచెం చర్చ జరిగింది. స్విచ్చి వెయ్యడం అటెండర్ విధి. మీట నొక్కడం అసిస్టెంటు విధి, అంటే నాది. నొక్కమని ఆదేశించడం అధికారి విధి. ఆదేశం మాటగా చెల్లదు, రాతలో ఉండాలి. కంపెనీ పేరు నిజంగా కనబడిందని ఎవరైనా నివేదిస్తే గాని ఆ రాత రాయకూడదు. ఇందులో తప్పుపట్టడానికి ఏముందో మీరే చెప్పండి.

గవర్రాజు బటన్ నొక్కి, "పేరు పడిందండోయ్!" అని కేకేశాడు. 'పేరు కనబడినది, తదుపరి ఉత్తర్వులకై' అని నేను రాశాను. ఇమ్మానుయేలు గారు సిఫారసు చేశారు. గవర్రాజు ఫైలు పుచ్చుకుని సర్వోత్తమరావు గారి గదిలోకి పరుగెత్తాడు, సంతకం పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. మా ఆఫీసు పుట్టాక ఏ ఫైలూ అంత జోరుగా కదల్లేదు. అయినా అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగుతుందా? తెర మీద ఎప్పటి ఇంగ్లీషు ముక్కలే ఉన్నాయి. ఆదేశం ఉంది కనక నేను ఎఫ్ ట్వెల్వ్ ఒకసారి నొక్కాను. ఏమీ కాలేదు. అనుమతి అయిపోయింది. ఇమ్మానుయేలు గారు మళ్ళీ లక్క కరిగించారు.

మెట్ల మీంచి లోవమ్మ లేచి గంప నెత్తిన పెట్టుకుంది. గంపలో ఏమీ లేదు.

రెండోసారి మేం ముందుచూపుతో వెళ్ళాం. అధికారిని లాప్‌టాప్ పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టి, పేరు కనబడిన తక్షణమే ఉత్తర్వు ఇచ్చినట్టు భావించవచ్చని ముందే ఉత్తర్వు ఇప్పించాలని, పైగా మీట ఒక్కసారికి లొంగడం లేదు కాబట్టి ఎక్కువసార్లకి అనుమతి కావాలని రాశాం. జవాబు వచ్చింది. "అవసరమైనన్ని పర్యాయములు, అయితే మితముగా."

ఈ లోపల పై ఆఫీసులో మా ఫైలు చేతులు మారుతూ మారుతూ జాయింట్ డైరెక్టర్ గారి బల్ల మీదికి చేరింది. కొత్తగా వచ్చినవారు, ఉత్సాహం ఉన్నవారు. శాఖ మొత్తం మీద ఇంత శాస్త్రీయంగా మీట నొక్కబోతున్న కార్యాలయం ఇంకోటి లేదని ఆయనకు తోచింది. దానికి 'తొలి మీట' అని పేరు పెట్టారు. స్వయంగా తానే వచ్చి నొక్కుతానన్నారు.

ఇంకేముంది, ఆఫీసు ముందు షామియానా లేచింది. అరటి పిలకలు కట్టారు. సర్వోత్తమరావు గారు పంచాంగం చూపించి వర్జ్యం లేని సమయం నిర్ణయించారు. లాప్‌టాప్‌కి పసుపూ కుంకుమా పెట్టి, బంతిపూల దండ వేశారు. దండ స్పీకరు బొక్కలకి అడ్డమొచ్చిందని ఎవరో అంటే, మాట్లాడటానికి దానికి మాత్రం అనుమతి ఉందా అన్నారు ఇమ్మానుయేలు గారు. నాకు తెలిసి ఆయన సర్వీసులో వేసిన జోకు అదొక్కటే.

లోవమ్మని లబ్ధిదారు అన్నారు. ముందు వరసలో కుర్చీ వేశారు. ఆవిడ కాటాని వేదిక పక్కన ఓ బల్ల మీద, జరీ గుడ్డ పరిచి, పూలు చల్లి పెట్టారు. లాప్‌టాప్ లేవగానే మొదటి సర్టిఫికెట్టు ఆవిడకే. శాఖకి కృతజ్ఞతలు చెబుతూ నాలుగు మాటలు ఆవిడ చేత వల్లె వేయించమని నాకు పురమాయించారు.

"కార్తీకానికి ఇంకెన్నాళ్ళుందో ఎరుగుదురా బాబూ?" అంది నా పాఠం మధ్యలో.

"ఇవాళే వచ్చేస్తుందమ్మా నీ కాటా. 'పారదర్శకత' అను."

"నాకు నోరు తిరగదు గాని, ఇత్తారు కదా?"

"ఇస్తారు," అన్నాను. అప్పుడు నాకూ నమ్మకమే.

జాయింట్ డైరెక్టర్ గారు వచ్చారు. దీపం వెలిగించారు. చాలాసేపు మాట్లాడారు. "మీట అనేది చిన్నదే. కాని మీట వెనక ఒక వ్యవస్థ ఉంది, వ్యవస్థ వెనక ఒక దృక్పథం ఉంది, దృక్పథం వెనక నేనున్నాను," అన్నారు. చప్పట్లు మోగాయి. పంచనామా జరిగింది, లక్క తీశారు. పురోహితుడు మంత్రం అందుకున్నాడు. గవర్రాజు బటన్ నొక్కాడు. కంపెనీ పేరు పడింది.

డైరెక్టర్ గారు వేలు చాపబోయి, ఆగి, పక్కకి తిరిగారు. "సర్వోత్తమరావ్ గారూ, మీ కార్యాలయం. మీ చేతుల మీదుగా కానివ్వండి."

"అయ్యయ్యో, తమరుండగా నేనా సార్!"

"అలా కాదు, సీనియర్ ఇమ్మానుయేలు గారున్నారు. వారిని గౌరవించుకోవడం మన సంప్రదాయం."

"ఎంత మాట సార్! పెద్దలు తమరు," అన్నారు ఇమ్మానుయేలు గారు.

ఆ మర్యాదలు అయ్యేసరికి రెండు సెకన్లూ ఎటు పోయాయో పోయాయి. నల్ల తెర వచ్చింది. జనం అదే మెనూ అనుకుని చప్పట్లు కొట్టారు. కాదని నచ్చజెప్పి, మళ్ళీ ఆన్ చేశాం. ఈసారి డైరెక్టర్ గారు ఎవరి మొహమూ చూడకుండా, పచ్చడి నూరుతున్నంత దీక్షగా ఎఫ్ ట్వెల్వ్ మీద పడ్డారు. 'మితముగా' అన్న మాట ఎవరికీ గుర్తు లేదు.

మెనూ వచ్చింది.

నీలం రంగు డబ్బా, అందులో నాలుగు వరసలు. ఒకదాని మీద తెల్లటి పట్టీ. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే నమ్మండి. సర్వోత్తమరావు గారు డైరెక్టర్ గారికి శాలువా కప్పారు, డైరెక్టర్ గారు సర్వోత్తమరావు గారికి కప్పారు. ఫొటోలు దిగారు.

వెనక వరసలోంచి జిలానీ అరిచాడు. "కింది బాణం రెండుసార్లు నొక్కి ఎంటర్ కొట్టండి సార్, అయిపోయింది!"

ఇమ్మానుయేలు గారు ఫైలు తెరిచారు. మొదటి పేజీ నుంచి చివరి దాకా చూశారు. తర్వాత డైరెక్టర్ గారి చెవిలో నెమ్మదిగా ఏదో చెప్పారు. అనుమతి ఎఫ్ ట్వెల్వ్‌కి మాత్రమే. బాణం మీటలకి ముద్ర వేరు, ఫైలు వేరు.

డైరెక్టర్ గారు తొణకలేదు. మైకు అందుకున్నారు. "మిత్రులారా, మన లక్ష్యం మెనూ తెరవడం. తెరిచాం. ఎంపిక అనేది గంభీరమైన విషయం. నాలుగు మార్గాలు మన ముందున్నప్పుడు తొందరపడి ఒకదాన్ని ఎంచుకోవడం పరిపాలన అనిపించుకోదు. దాని మీద ఒక కమిటీ వేస్తున్నాను. అంతవరకు ఈ మెనూని ఎవరూ మూయరాదు. జిల్లాలోని మిగతా కార్యాలయాలు కూడా తమ తమ కంప్యూటర్లను ఈ దశకు తీసుకురావాలని ఆదేశిస్తున్నాను."

"మా ఆఫీసులో కంప్యూటర్ మామూలుగా పనిచేస్తోంది సార్," అన్నాడు పక్క ఊరి అధికారి లేచి.

"అయితే మీరు వెనకబడి ఉన్నారు," అన్నారు డైరెక్టర్ గారు.

చప్పట్లు సద్దుమణిగాక లోవమ్మ లేచి నిలబడింది.

"అయ్యా, మరి నా కాటా?"

"అమ్మా, మీ ఓపికను శాఖ గుర్తించింది. కమిటీ నివేదిక రాగానే, తదుపరి దశలో..."

"ఆ దశ కార్తీకానికి ముందా, తరవాతా?"

"మార్చిలోగా అని ఆశిద్దాం."

ఆవిడ కుర్చీ పక్కనున్న గంప అందుకుంది. బల్ల దగ్గరికి నడిచింది. కాటా మీది పూలు చేత్తో తోసేసింది. జరీ గుడ్డ మడతపెట్టి అక్కడే ఉంచింది. కాటాని గంపలో పెట్టుకుని, గంప నెత్తికెత్తుకుని, రెండు వరసల కుర్చీల మధ్య నుంచి తిన్నగా నడిచి వెళ్ళిపోయింది.

గేటు దగ్గరున్నది గవర్రాజు. ఆపాలా అని నాకేసి చూశాడు. ఆపమనడానికి నేనెవర్ని? ఇమ్మానుయేలు గారికేసి చూశాను. ఆయన సర్వోత్తమరావు గారికేసి చూశారు. సర్వోత్తమరావు గారు డైరెక్టర్ గారికేసి చూశారు. డైరెక్టర్ గారు, "ముందు ఒక నోట్ పెట్టండి," అన్నారు. నేను కాయితం తీసుకుని 'విషయం' అని రాసేసరికి వీధిలో ఆటో కదిలిన చప్పుడైంది.

మెనూ ఇప్పటికీ తెరిచే ఉంది. ఛార్జరు ఊడకుండా తీగకి ముద్ర వేశాం. జిల్లా ఆఫీసులన్నీ ఆ దశకి చేరుకున్నాయి, ఎక్కడా ఒక్క సర్టిఫికెట్టు రావడం లేదు. కమిటీకి గది కేటాయించారు, కుర్చీలు రావాలి.

కార్తీకానికి ముందు చివరి ఆదివారం నేను రేవు బజారుకు వెళ్ళాను. డ్యూటీ మీద కాదు, సంచీ పుచ్చుకుని. మళ్ళీ నెల దాకా చేప మొహం చూడనని ఊరంతా అక్కడే ఉంది, ఇసకేస్తే రాలడం లేదు. లోవమ్మ గొంతు దూరం నుంచే వినబడింది. ముందు కాటా, పక్కన గంపెడు చేపలు, చుట్టూ జనం. ఒక చేత్తో తూస్తూ ఇంకో చేత్తో డబ్బు రొంటిన దోపుకుంటోంది. మొహం కళకళలాడిపోతోంది. నాకు సంతోషమేసింది, దాచుకోను.

సర్టిఫికెట్టు లేని కాటా. న్యాయంగా నేను పట్టుకోవాలి. పట్టుకుంటే కేసు రాయాలి, కేసు రాస్తే లాప్‌టాప్‌లో ఎక్కించాలి, లాప్‌టాప్ మెనూలో ఉంది. పైగా ఇంట్లో చందువా చేపలు తెమ్మన్నారు.

"రండి బాబూ రండి, ఇప్పుడే దిగినియ్యి!" అంది నన్ను చూసి, ఏమీ జరగనట్టే. నాకంటే ముందొచ్చిన ఆవిడకి కిలో రొయ్యలు తూచి, పైన గుప్పెడు కొసరు పడేసింది. ఆ వెనకాయనకి కవళ్ళ చేపలు తూచి, మరో రెండు కొసరు వేసింది. నా వంతొచ్చింది. చందువాలు కాటా మీద పెట్టింది. ఓ చిన్నది తీసి ఇంకోటి వేసి, అంకె కిలో దగ్గర కదలకుండా నిలబడేదాకా చూసింది. అలాగే కవర్లో వేసి ఇచ్చింది. నేను కవరు మూతి తెరిచి పట్టుకునే ఉన్నాను.

"కొసరేదీ లోవమ్మా?"

"కొసరాండీ?" అంది, చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ. "మీకైతే నాకు నేనై ఎయ్యకూడదు కదండీ బాబూ. పైనించి ఆర్డరు రావాల. ఓ కాయితం రాసి పెట్టుకోండి, ఒచ్చాక ఏత్తాను."

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. నేను కవరు సంచీలో పెట్టుకుని, డబ్బిచ్చి బయటికొచ్చాను. సరిగ్గా కిలో, ఒక్క గ్రాము ఎక్కువ లేదు.